చెరసాలలో చెదరని విశ్వాసం – భక్త రామదాసు చరితము

మన అజీజ్‌నగర్ నుండి పట్నానికి వెళ్ళే దారిలో లంగర్‌హౌజ్ సమీపించేసరికి ఎడమచేతి వైపున గోలకొండ దుర్గం కానవస్తుంది. పాలు, కూరగాయలు పట్నానికి చేరవేసిన మన పెద్దలు, నేడు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళివచ్చే మన పిల్లలు, అందరూ ఆ కోటను చూస్తూ పెరిగినవారే. ఎండలో మెరిసే ఆ రాతిగుట్టను చూచినప్పుడు నవాబుల వైభవం గుర్తుకు రావడం సహజం. అయితే ఆ కోట లోపల, వైభవంతో పొత్తు లేని ఒక చీకటి గది ఉన్నది. గోడలు మందం, వెలుతురు స్వల్పం. పైకప్పులోని సందు గుండా దిగే కొద్దిపాటి వెలుగులో ఒక గోడపై సీతారామలక్ష్మణుల, ఆంజనేయుల రూపాలు చెక్కబడి కనబడతాయి. దానిని రామదాసు బందిఖానా అంటారు. భద్రాచల రాముని గుడి కట్టించిన కంచెర్ల గోపన్న మంత్రి, లోకం భక్త రామదాసుగా కొలిచే మహనీయుడు, ఆ గదిలోనే పన్నెండు సంవత్సరాలు గడిపారని పరంపరాగతంగా చెప్పుకొంటున్నాము.

గుడి కట్టిన పుణ్యాత్మునికి చెరసాల ఎందుకు ప్రాప్తించింది? నమ్మిన దేవుడు పన్నెండేళ్ళు ఎందుకు పలుకలేదు? ఇవి పసిపిల్లలు అడిగే ప్రశ్నలు మాత్రమే కావు. పంట పోయిన రైతు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, అప్పుల పాలైన గృహస్థు, దేవుని ముందు నిలిచి మనసులో అడుగుకొనే ప్రశ్నలు ఇవే. మన ఆలయ జీర్ణోద్ధరణ పూర్తియై పునఃప్రతిష్ఠ జరుగుతున్న ఈ శుభసమయంలో, మన ఊరికి ఇంత చేరువలో కష్టమనుభవించిన ఆ భక్తాగ్రేసరుని చరిత్రను స్మరించుకొనడం సముచితమని భావిస్తున్నాను. ఇందులో చరిత్రకు అందిన సంగతులు కొన్ని, భక్తపరంపర చెప్పుకొంటూ వచ్చినవి కొన్ని. ఏది ఏ కోవకు చెందినదో ఆయా చోట్ల సూచిస్తూ ముందుకు సాగుతాను.

జననము – గురూపదేశము

గోపన్న జన్మస్థలం నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. కాలం 17వ శతాబ్ది. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. నియోగి బ్రాహ్మణ కుటుంబం, ఆత్రేయ గోత్రం. తన వంశవివరాలను ఆయన తాను రచించిన దాశరథీ శతకంలోనే పొందుపరచినందువలన వీటి విషయంలో సందేహానికి తావు లేదు. బాల్యంలోనే సంస్కృతాంధ్రాలు, ఆనాటి రాజభాషయైన పారసీకం అభ్యసించి ఉండవచ్చు. నియోగి కుటుంబాలకు లెక్కలు, దస్తావేజులు, రాజోద్యోగాలు కులవృత్తి వంటివే గదా.

గోపన్నకు గురువు రఘునాథ భట్టాచార్యులు. ఆయన అనుగ్రహం వలన శ్రీవైష్ణవ సంప్రదాయం, రామభక్తి గోపన్న మనస్సులో దృఢంగా నాటుకొన్నాయి. కబీరుదాసు గోపన్నకు రామమంత్రం ఉపదేశించాడనే కథ కూడా ప్రచారంలో ఉన్నది. ఉత్తరదేశపు సంత్ కబీరు 15వ శతాబ్దికి చెందినవాడు గనుక, ఆ కథలోని కబీరు ఆ పంథాను అనుసరించిన ఎవరో ఒక సాధువై ఉండవచ్చు. మతభేదమెంచక రామనామాన్ని పంచిన ఒక మహనీయుని స్మృతి ఆ కథలో నిలిచియున్నదని భావిస్తే చాలు.

వివాహానంతరం గోపన్న ఇల్లు అన్నదానానికి ఆటపట్టయినదని చెబుతారు. ఒక శ్రీరామనవమి నాడు సంతర్పణ జరుగుతుండగా పసివాడైన కుమారుడు గంజి గుంటలో పడి ప్రాణం విడిచాడని, అతిథుల భోజనం భంగమగునని భార్య కమలమ్మ దుఃఖాన్ని దిగమ్రింగి వడ్డన సాగించిందని, పిదప గోపన్న రాముని ప్రార్థింపగా బాలుడు తిరిగి లేచాడని భక్తుల కథనం. తరువాత రాబోయే పెద్ద పరీక్షకు ఇది తొలిమెట్టు వంటిదని కథకులు దీనిని ముందుగా చెబుతారు.

పాల్వంచ తహసీలు

ఆ కాలంలో తెలుగుదేశంలో అధికభాగం గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. 1672లో అబుల్ హసన్ సింహాసనమెక్కాడు. తానీషా అనే పేరుతో ప్రజలకు సుపరిచితుడైన ఈ ప్రభువు రాజు కాకమునుపు షా రాజు అనే సూఫీ గురువు ఆశ్రయంలో ఫకీరు వలె నిరాడంబరంగా జీవించినవాడు. ఆయన పాలనలో హనుమకొండకు చెందిన అక్కన్న, మాదన్న సోదరులు అత్యున్నత పదవులకు ఎదిగారు. 1674 నాటికి మాదన్న రాజ్యానికి ప్రధానమంత్రి. గోపన్న వారికి మేనల్లుడని సంప్రదాయం చెబుతున్నది. ఆ బంధుత్వం చేతనే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి లభించిందని అంటారు.

తహసీల్దారు చేయవలసిన పని స్పష్టం. పరగణాలోని గ్రామాల నుండి శిస్తు వసూలు చేయించి, లెక్క కట్టి, గడువు లోపల గోలకొండ ఖజానాకు చేర్చాలి. చేర్చకపోతే ఆ బాకీ తహసీల్దారు మెడకు చుట్టుకొంటుంది. బాకీపడిన అధికారిని చెరలో ఉంచి, బాధించి, బంధువుల నుండి సొమ్ము రాబట్టుట ఆనాటి పాలనలో మామూలు. ఈ సంగతి గోపన్నకు తెలియనిది కాదు. తెలిసియుండే ఆయన తరువాతి పని చేశారు. అందుకే ఆయన చరిత్రలో భక్తితో పాటు బాధ్యత అనే మాటకూ చోటు కల్పించవలసి ఉన్నది.

దమ్మక్క తాటాకు పందిరి

పాల్వంచ పరగణాలో గోదావరీ తీరాన భద్రగిరి ఉన్నది. భద్రుడనే మహర్షి తపస్సుకు మెచ్చి శ్రీమహావిష్ణువు రామరూపంలో అక్కడ వెలసినట్లు స్థలపురాణం. స్వామి చతుర్భుజుడు. శంఖచక్రాలతో పాటు ధనుర్బాణాలు ధరించి, సీతమ్మను అంకమున నిడుకొని దర్శనమిస్తారు. రామునికి నాలుగు చేతులు ఉండటం ఈ క్షేత్ర విశేషం.

ఆ విగ్రహాలను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలు. పుట్టలో ఉన్న మూర్తులు స్వప్నంలో కనబడగా, వెదకి, గోదావరి నీటితో పుట్టను కరిగించి, స్వామిని వెలికితీసి, తాటాకులతో పందిరి వేసి, తాటిపండు నైవేద్యంగా సమర్పించేదని చెబుతారు. శాస్త్రం చదివినదీ కాదు, ధనమున్నదీ కాదు. ఉన్నది నమ్మకం ఒక్కటే. రాజోద్యోగియైన గోపన్న భద్రగిరి చేరినప్పుడు ఎండకు ఎండి వానకు తడిసే ఆ పందిరి క్రింద స్వామిని చూచి చలించిపోయారు. భద్రాచల ఆలయ చరిత్రకు తొలి పుట దమ్మక్కది, రెండవ పుట గోపన్నది అని మనం మరువరాదు.

ఆలయ నిర్మాణము – ఆరు లక్షల బాకీ

గుడి కట్టాలనే సంకల్పం కలిగిన తరువాత గోపన్న మొదట ప్రజలను ఆశ్రయించారు. పరగణా ప్రజలు యథాశక్తి విరాళాలు ఇచ్చారు. పని మొదలైనది. కొండపై ఆలయమంటే మాటలు కావు. రాయి పైకి చేరాలి. శిల్పులకు, కూలీలకు దినదినం బత్తెం ఇవ్వాలి. గర్భగృహం, ప్రాకారం, మండపాలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. స్వామికి, అమ్మవారికి, లక్ష్మణునికి, పరివార దేవతలకు నగలు చేయించారు. చింతాకు పతకం, కలికితురాయి, పచ్చల పతకం వంటి ఆ నగల పేర్లు ఆయన కీర్తనల ద్వారా నేడు తెలుగువారి నోళ్ళలో నానుతున్నాయి. శిఖరంపై నిలుపవలసిన సుదర్శన చక్రం మానవ నిర్మితం కాదని, గోపన్న ప్రార్థింపగా గోదావరి గర్భంలో లభించినదని స్థలపురాణం.

విరాళాలు చాలలేదు. పని నడుమ ఆగితే లేచిన గోడలు కూలుతాయి. ఆ స్థితిలో గోపన్న తన చేతిలోనున్న శిస్తు సొమ్మును ఆలయానికి వినియోగించారు. ఆ మొత్తం ఆరు లక్షల వరహాలని ప్రతీతి. పంటలు చేతికందిన పిమ్మట ప్రజలు చందాలిస్తామన్నారని, ఆ మాటపై ఖజానా సొమ్ము వాడారని కొందరు చెబుతారు. ప్రభువు అనుమతి కోరారని, అది లభించకమునుపే పని సాగించారని మరికొందరు చెబుతారు. ఏది ఏమైనను, ఆ సొమ్ము రాజుది, రాజు అనుమతి లేదు. ఈ సత్యాన్ని కథకులెవ్వరూ దాచలేదు. గోపన్న తనకై ఒక్క కాసు వాడుకోలేదు. అది నిజం. తనది కాని సొమ్మును వ్యయం చేశారు. అదియూ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి చూచినప్పుడే తరువాతి కథ లోతు మనకు బోధపడుతుంది.

గోలకొండ చెర

వార్త గోలకొండకు చేరింది. లెక్కలు చూపమని, బాకీ కట్టమని ఆజ్ఞ వచ్చింది. గోపన్న లెక్కలు చూపగలిగారు. సొమ్ము మాత్రం కట్టలేకపోయారు. తానీషా ఆయనను చెరసాలలో పెట్టించాడు.

ప్రధానమంత్రి మేనమామ అయియుండి ఎందుకు విడిపించలేదని మనకు అనిపించక మానదు. అక్కన్న మాదన్నల ఉన్నతిని సహింపలేని ప్రముఖులు దర్బారులో ఎందరో ఉండేవారు. తమ మేనల్లుడు ఖజానా సొమ్ము వాడగా మంత్రులే మాఫీ చేయించారన్న నింద వస్తే, వారి పదవులకే కాక ప్రాణాలకూ ముప్పు. వారి నోరు కట్టివేయబడిందని ఊహించవచ్చు. లోకంలో మనకున్న అండలన్నీ ఉండవలసిన చోటనే ఉండి, అక్కరకు రాకుండా పోయే ఘడియ ఒకటి ఉంటుంది. గోపన్నకు ఆ ఘడియ పన్నెండేళ్ళు సాగింది.

చెరలో ఆయన అనుభవించిన బాధలు కీర్తనలలో దాచకుండా చెప్పుకొన్నారు. కాళ్ళకు సంకెళ్ళు, కొరడా దెబ్బలు, ఆకలి, అవమానం. గుడిలో స్వామికి నగలు పెట్టిన చేతులకు చెరలో బేడీలు పడ్డాయి. భద్రగిరిపై తిరునాళ్ళు జరుగుతున్నవో లేదో, తాను లేని ఇంటిలో భార్యాబిడ్డలు తిన్నారో లేదో తెలిసే దారి లేదు. ఒక శ్రీరామనవమి గడిచింది, రెండవది గడిచింది. పన్నెండు నవములు ఆ చీకటిలోనే గడిచిపోయాయి. గది గోడపై రూపాలను ఆయనే చెక్కి, వాటినే అర్చించారని చూపరులకు అక్కడ చెబుతారు. ఆలయం కట్టిన వాని ఆలయం ఇప్పుడొక గోడ, ఒక రాతిముక్క.

అలిగిన భక్తుడు

ఈ చెరలోనే గోపన్న రామదాసు అయ్యారు. ఆయన కీర్తనలలో ఎన్నో ఆ చీకటిలో పుట్టినవని పెద్దల మాట. వాటిని శ్రద్ధగా విన్నవారికి ఒక సంగతి తెలుస్తుంది. రామదాసు విశ్వాసం నోరు మూసుకొని భరించిన విశ్వాసం కాదు. ఆయన అడిగారు, ఏడ్చారు, అలిగారు, దెప్పిపొడిచారు.

ఒక కీర్తనలో స్వామి ఎందుకు పలుకడం లేదని బేలగా అడుగుతారు. పిలిచి పిలిచి అలసినవాని గొంతు అందులో వినిపిస్తుంది. మరొక కీర్తనలో ఆయన పాత తహసీల్దారుతనం తిరిగి వచ్చింది. ఏ కట్టడానికి, ఏ నగకు ఎన్ని మోహరీలు పట్టాయో వరుసగా లెక్క అప్పగించి, వీటిని అలంకరించుకొని తిరుగుతున్నావే, ఈ సొమ్మంతా ఎవరిదనుకొన్నావని స్వామినే నిలదీస్తారు. అంతలోనే తెలివి తెచ్చుకొని, దెబ్బల బాధకు ఓర్వలేక నోరు జారానని, మనసులో పెట్టుకోవద్దని బ్రతిమాలుకొంటారు. ఇంకొక చోట స్వామితో చెప్పి ప్రయోజనం లేదని సీతమ్మ తల్లిని ఆశ్రయిస్తారు. ఏకాంతవేళ భర్త చెవిన తన మాట వేయమని వేడుకొంటారు. తండ్రి కోపిష్టియైతే తల్లి చెంగు పట్టుకొనే బిడ్డ ఏమి చేస్తాడో, రామదాసు అదే చేశారు.

ఇది నిందాస్తుతి అని పండితులు పేరు పెట్టారు. పేరు ఏదైనా, ఇందులోని ధర్మం గమనింపదగినది. పరాయివానితో ఎవరూ అలుగరు. ఋణం లేనివానిని ఎవరూ నిలదీయరు. రాముడు వింటున్నాడని నిశ్చయం లేనివాడు రాత్రింబవళ్ళు రామునితో వాదులాడలేడు. పన్నెండేళ్ళలో రామదాసు కఠినమైన మాటలు ఎన్ని పలికినా, ఆ మాటలన్నీ రామునితోనే పలికారు, రాముని విడిచి మరొకరిని ఆశ్రయించలేదు. దేవుని నమ్మడమంటే బాధ కలుగకపోవడం కాదు, బాధలో కూడా ఆయన ముంగిట నుండి కదలకపోవడమని ఈ కీర్తనలు మనకు నేర్పుతున్నాయి.

దాశరథీ శతకం కూడా ఇదే విశ్వాసానికి పద్యరూపం. ప్రతి పద్యం చివర ఆయన రాముని దశరథ కుమారునిగా, దయాసముద్రునిగా సంబోధిస్తారు. బడిపిల్లలు తరతరాలుగా వల్లె వేసిన ఆ శతకం, తెలుగు శతకవాఙ్మయంలో భక్తికి మేలుబంతి. రాగతాళాలతో సులభంగా పాడుకొనదగిన ఆయన కీర్తనలు, పండితులు లేని పల్లెల భజనమందిరాలకు సైతం చేరాయి. మన ప్రాంతపు భజనలలో హార్మోనియం, తాళాల నడుమ రామదాసు పేరు వినిపించని ఏకాదశి అరుదు.

రామోజీ, లక్ష్మోజీ

విడుదల కథ తెలుగునాట తెలియనివారు లేరు. ఒక అర్ధరాత్రి ఇద్దరు యువకులు తానీషా శయనాగారంలో సాక్షాత్కరించారు. తమ పేర్లు రామోజీ, లక్ష్మోజీ అని, తాము గోపన్న సేవకులమని చెప్పారు. ఆరు లక్షల మోహరీలు కుప్పవోసి, బాకీ చెల్లినట్లు రసీదు వ్రాయించుకొన్నారు. ఆ రసీదు చెరలో నిద్రించుచున్న రామదాసు తలగడ క్రింద ఉంచి అంతర్ధానమయ్యారు. తెల్లవారి విచారించిన ప్రభువు జరిగినది గ్రహించి, స్వయంగా చెరకు వచ్చి, భక్తుని విడిపించి, మన్నింపు కోరాడు. ఆ నాణెములను రామమాడలని పిలుస్తారు.

ఈ కథను భక్తితో విని లేచిపోవడం మనకు అలవాటు. కొంచెం నిదానించి చూస్తే ఇందులో రెండు విశేషాలున్నాయి.

మొదటిది, రాముడు బాకీని మాఫీ చేయలేదు. సర్వశక్తిమంతుడు గోడలు పడగొట్టవచ్చును, రాజు మనస్సు మార్చవచ్చును, లెక్కల పుస్తకాలను అగ్నికి ఆహుతి చేయవచ్చును. అవి ఏవీ చేయలేదు. సొమ్ము తెచ్చి, లెక్కించి ఇచ్చి, రసీదు పుచ్చుకొన్నాడు. తన గుడి కొరకు వ్యయమైనది సైతం పరుల సొమ్మైనచో తిరిగి చెల్లించవలసినదేనని ధర్మమూర్తియైన రాముడు ఆచరించి చూపాడు. భక్తుని కాపాడాడు, ధర్మాన్నీ కాపాడాడు.

రెండవది, దర్శనభాగ్యం మొదట దక్కినది చెరలో పెట్టిన రాజుకు. పన్నెండేళ్ళు పిలిచిన భక్తుడు నిద్రలోనే ఉన్నాడు. మెలకువ వచ్చిన రామదాసు విడుదలకు సంతోషించడం మాని, ఆ దర్శనం తనకు లేకపోయెనే అని విలపించారట. కోరినది చెర విముక్తి కాదని, స్వామి సన్నిధియని అక్కడ తేటతెల్లమైనది. పూర్వజన్మలో ఒక చిలుకను పంజరంలో బంధించిన ఫలంగా రామదాసు చెర అనుభవించవలసి వచ్చినదని, తానీషా పూర్వజన్మ పుణ్యం చేత దర్శనం పొందాడని పౌరాణికులు సమన్వయం చెబుతారు.

ప్రభువు భద్రాచల ఆలయానికి భూమి ఇచ్చాడని, శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం నెలకొల్పాడని ప్రతీతి. నిజాముల కాలంలోనూ ఆ ఆచారం కొనసాగింది. నేటికీ ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించడం మనమందరం చూస్తున్నదే. రామదాసు శేషజీవితాన్ని స్వామి సేవలో గడిపి రామునిలో ఐక్యమయ్యారు.

చెరలో పెట్టిన ప్రభువు

రామదాసు చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఇక్కడ ముగిస్తారు. కానీ గోలకొండ కథ ఇంకను కొంత ఉన్నది. 1686లో అక్కన్న మాదన్నలు దారుణంగా హతులయ్యారు. 1687లో ఔరంగజేబు సైన్యం సుమారు 8 నెలలు కోటను ముట్టడించింది. సెప్టెంబరు మాసంలో, లోపలివారి ద్రోహం వలన కోట తలుపులు తెరుచుకొన్నాయి. తానీషా బందీయై దౌలతాబాదు కోటకు తరలింపబడ్డాడు. అక్కడ సుమారు 12 సంవత్సరాలు చెరలోనే ఉండి కన్నుమూశాడు. గోపన్నను ఎన్ని సంవత్సరాలు బంధించాడని చెప్పుకొంటామో, రమారమి అన్ని సంవత్సరాలు తానును బంధింపబడ్డాడు.

దీనిని ప్రతీకారమని తలచనవసరం లేదు. మొగలు సేనానులు తనను పట్టుకొన వచ్చిన తెల్లవారుజామున తానీషా ఏ మాత్రం కలవరపడక, వారిని మర్యాదతో కూర్చుండబెట్టి, వేళకు భోజనం చేశాడని ఆనాటి చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాశాడు. ఫకీరుగా ఉన్నప్పుడూ, ప్రభువుగా ఉన్నప్పుడూ తనను నడిపినది దైవమేనని, సుఖదుఃఖాలు రెండూ ఆ దైవమే ఇచ్చినవని భావించి నిబ్బరంగా నిలిచాడని ఆ వ్రాతల సారాంశం. గుడి కట్టిన భక్తుడు, ఆయనను బంధించిన ప్రభువు, ఇద్దరూ చివరకు ఒకే పాఠం నేర్చుకొన్నారు. చెరసాల ఎవరికైనా రావచ్చును. నిబ్బరం దైవాన్ని నమ్మినవారికే వస్తుంది.

తరువాతి కాలము

ఒకరు వేసిన దీపం మరొకరు నిలుపకపోతే ఆరిపోతుంది. కాలక్రమంలో భద్రాచలంలో నిత్యోత్సవాలు క్షీణించిన దశలో, గుంటూరు వాస్తవ్యులు తూము నరసింహదాసు గారు 19వ శతాబ్ది ఆరంభంలో వరద రామదాసు గారితో కలసి అక్కడికి చేరి, ఆలయ సేవలను పునరుద్ధరించారు. నరసింహదాసు గారు సర్కారు కొలువును విడిచి భక్తిమార్గం పట్టిన కీర్తనకారులు. తిరువయ్యూరు వెళ్ళి త్యాగరాజస్వామిని దర్శించినవారు. ఆ త్యాగరాజస్వామి తన రచనలలో రామదాసును భక్తితో స్మరించారు. గోలకొండ చీకటిలో పుట్టిన గానం కావేరీ తీరం వరకు ప్రవహించినదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

20వ శతాబ్దిలో కల్లూరి చంద్రమౌళి గారి పూనికతో భద్రాచల ఆలయానికి జీర్ణోద్ధరణ జరిగింది. నేడు మనం చూచే శిల్పశోభలో అధికభాగం ఆనాటిదే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గానం రామదాసు కీర్తనలను ఇంటింటికీ చేర్చింది. 1964లో చిత్తూరు నాగయ్య గారు, 2006లో కె. రాఘవేంద్రరావు గారు ఆ చరిత్రను చలనచిత్రాలుగా అందించారు. తాటాకు పందిరిగా మొదలైనది ఇంత వృక్షమైనది.

మన ఆలయము – మన కర్తవ్యము

ఈ పునఃప్రతిష్ఠా సమయంలో యాగశాల వద్ద మనం కొన్ని విధులు చూస్తున్నాము. ప్రతిష్ఠకు ముందు మూర్తిని నీటిలో ఉంచుతారు. అది జలాధివాసం. ధాన్యంలో కప్పి ఉంచుతారు. అది ధాన్యాధివాసం. పిమ్మట శయ్యాధివాసం. కనుల కెదురుగా ఉండవలసిన స్వామి ఆ దినాలలో నీటి అడుగున, గింజల మాటున, మన కంటికి కనబడక ఉంటాడు. ఆ తరువాతనే ప్రాణప్రతిష్ఠ, నేత్రోన్మీలనం, తొలి దర్శనం. రామదాసు గడిపిన పన్నెండేళ్ళు అటువంటి అధివాసమేనని నాకు తోస్తుంది. చెరకు వెళ్ళినవాడు పాల్వంచ తహసీల్దారు గోపన్న. బయటికి వచ్చినవాడు భక్త రామదాసు. నడుమ ఉన్న చీకటి వ్యర్థం కాలేదు.

మనకు కలిగే కష్టాలు గోలకొండ చెరకు సాటి కాకపోవచ్చును. అయినా ఎవరి కష్టం వారికి కొండంత. వాన రాని సంవత్సరం, నయం కాని వ్యాధి, చేతికందిన కొడుకు దూరమైన ఇల్లు, ఇవన్నీ మన ఊరి గడపలకు తెలిసినవే. ఆ వేళ దేవుని అడుగవచ్చు, ఏడ్వవచ్చు, అలుగవచ్చు. రామదాసు అవన్నీ చేశారు గనుక మనకు సంకోచం అక్కరలేదు. గుడి మెట్లు దిగి వెళ్ళిపోవడం ఒక్కటే తగదు.

మరొక మాట కూడా ఈ చరిత్ర మనకు చెబుతున్నది. ఆలయ నిర్మాణానికి ముందుకు వచ్చినవారి చేతులలో పదిమంది సొమ్ము ఉంటుంది. కూలి చేసి పది రూపాయలిచ్చిన అవ్వ సొమ్ము, లక్ష ఇచ్చిన దాత సొమ్ము, రెండూ స్వామివే. రాముడంతటివాడు రసీదు పుచ్చుకొన్నాడు. మనము ప్రతి పైసకు రసీదు ఇవ్వడం, లెక్కను నలుగురి ఎదుట ఉంచడం, అనుమతులు ముందుగా పొందడం, ఇవన్నీ పూజలో భాగాలే. దైవాన్ని నమ్మినవాడు లెక్కకు వెరవడు. లెక్క సరిగా ఉన్నవాని ప్రార్థనకు బలం అధికం.

ఇకమీదట పట్నం వెళ్ళే దారిలో గోలకొండ కనబడినప్పుడు ఒక్క క్షణం ఆ గదిని తలచుకొందాము. వీలు చేసుకొని పిల్లలను తీసుకువెళ్ళి ఆ గోడపై రూపాలను చూపిద్దాము. అంత చీకటిలో సైతం ఒక మనిషి దేవునితో మాటలాడటం మానలేదని వారికి చెబుదాము. రాముడు ఆలస్యంగా వచ్చాడేమో గాని, రాకపోలేదని చెబుదాము. నూతన శోభతో వెలుగుతున్న మన ఆలయంలో కొలువుదీరనున్న స్వామివారు మన ఊరి పిల్లాపాపలను, పాడిపంటలను చల్లగా కాపాడుదురు గాక. కష్టమొచ్చిన దినాన ఆయన ముంగిటనే నిలిచే నిబ్బరాన్ని మనకు ప్రసాదించుదురు గాక.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.